గరుడుణ్ని పన్నించడమా, మన్నించడమా?

నేలమీద: విమానాలకు నేలపై కరెంటిచ్చే గ్రౌండ్ పవర్ యూనిట్ల గురించి తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. యూనిట్ దగ్గర 115 వోల్టులున్నా కేబుల్ దాటి ప్లగ్గు చేరేసరికి తగ్గుతుంది, లోడు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ తరుగుకు సరిపడా యూనిట్ తనంతట తానే పెంచి పంపేలా ముందే సిద్ధం చేయాలి. ‘అమర్చు’ చప్పగా ఉంది. పోతన గజేంద్రమోక్షంలో, ఏనుగును కాపాడేందుకు విష్ణువు ఉన్నపళంగా బయల్దేరే ‘సిరికిం జెప్పడు’ పద్యంలో గరుడుణ్ని సిద్ధం చేసే క్రియ ఒకటుంది కదా, ‘అభ్రగపతిం’ తర్వాత? నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

మత్తకోకిల: ‘బన్నింపడు’, అంటే పన్నింపడు. పన్ను అంటే సన్నద్ధం చేయడం. రథాలనూ ఏనుగులనూ పన్నేవారు.

పాతగంధం: మాకు ‘మన్నింపడు’ అనే నేర్పారండీ. సిరికే చెప్పనివాడు వాహనాన్ని లెక్కచేస్తాడా?

మత్తకోకిల: భావం ముచ్చటగానే ఉంది, యతి ఒప్పుకోదు. పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరం జత కుదరాలి. పాదం ‘పరివారంబును’తో మొదలు, పద్నాలుగో అక్షరం యతిస్థానం. పకు బ చెల్లుతుంది. మ చెల్లాలంటే ఆ ప ముందు సున్న ఉండాలి. దాని ముందున్నది ‘సంధింపడే’. సున్న ఎక్కడిది?

పాతగంధం: ఏనుగు ప్రాణం పోతుంటే మీకు సున్న కావలసి వచ్చింది!

కిటికీపక్క: నాదొక ఊహ. కట్టే పన్నూ ఈ పన్నూ ఒకటేనేమో. కేబుల్ కూడా దారిలో సుంకం పట్టుకునేదే కదా.

మత్తకోకిల: ఊహ అనే అన్నారు కనుక వదిలేస్తున్నాను. ఇప్పటి వాడుకలో మిగిలినవి వల పన్నడం, కుట్ర పన్నడం. ‘వోల్టేజి పన్నండి’ అని అచ్చు వేస్తే చదివేవారు జడుసుకుంటారు.

మూడుఫేజులు: క్రియ ఏదైనా పెట్టుకోండి, అధ్యాయంలో ఒకటి మరవకండి. కేబుల్ నిరోధం ఒక్కటే లెక్క వేస్తే చాలదు. విమానాల కరెంటు 400 హెర్ట్జ్. అక్కడ ఇండక్టివ్ రియాక్టెన్స్, అంటే మారే కరెంటుకు కేబుల్ పెట్టే అదనపు అడ్డు, మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ దగ్గరకంటే ఎనిమిది రెట్లు. 90 కేవీఏ సామర్థ్యమున్న యూనిట్ నిండు లోడులో ఫేజుకు సుమారు 260 ఆంపియర్లు పారుతాయి. అందుకే విమానం వైపు చివరన లోడ్ బ్యాంక్ (విమానం బదులు కరెంటు లాగే పరికరం) తగిలించి, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి అక్కడే కొలవాలి. రెండుసార్లూ 115 దగ్గర నిలిచేదాకా సరిచేయాలి. అప్పుడు యూనిట్ దగ్గర కొలిస్తే 115 కంటే ఎక్కువే ఉంటుంది. అది చూసి కంగారుపడి తగ్గించేవారున్నారు, పనంతా వృథా. కేబుల్ పొడవు మారితే మళ్లీ మొదటికి. మోతాదు మించి పెంచితే ప్లగ్గు దగ్గర వోల్టేజి హద్దు దాటుతుంది, విమానంలోని రక్షణ వ్యవస్థ ఆ కరెంటును తీసుకోదు.

పాతగంధం: చూశారా, చివరికి విమానమే మన్నింపదు!

కిటికీపక్క: అసలు చిత్రం వేరే ఉంది. చెప్పడు, సంధింపడు, చీరడు (పిలవడు), పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరు క్రియలూ చేయనివే. ఏ ఏర్పాటూ లేకుండా బయల్దేరినవాడి పద్యంలో ఏర్పాటుకు మాట వెతుకుతున్నాం.

మత్తకోకిల: అందుకే కదా అది పోతన పద్యం! చెవులదాకా జారిన జుట్టును వెనక్కి తోసుకోవడానికి కూడా ఆగలేదు. ఆ ‘ధమ్మిల్లము’ దగ్గర నాకు ఇప్పటికీ గొంతు ఆగుతుంది. చేతిలోని లక్ష్మి కొంగైనా వదలకుండా కదిలినవాణ్ని ఇంకెవరు చూపించారు?

నేలమీద: ఇంతకీ ‘పన్నడం’ అని రాయమంటారా?

మత్తకోకిల: పద్యంలోది ‘పన్నించు’. ప్రేరణార్థకం. ఇంకొకరి చేత చేయించడం.

పాతగంధం: అయితే వైకుంఠంలో గరుడుణ్ని పన్నేవాడెవడో చెప్పండి. ‘మన్నింపడు’ అంటే ఆ చిక్కే లేదు.

మత్తకోకిల: ఆ పాదంలోనే ఉంది కదండీ. పరివారాన్నే పిలవనివాడు ఎవరి చేత పన్నిస్తాడు?