‘లిమిటెడ్ స్లిప్’లో జారేది ఏమిటి?

కార్ల గురించి తెలుగులో రాసేటప్పుడు, ఇంజను బలాన్ని ఎడమ కుడి చక్రాలకు పంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ని ‘పరిమిత జారుడు అవకలని’ అనడం కనిపిస్తోంది. రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. అవకలనం గణితంలో స్థిరపడిన మాట. అది చదివితే సమీకరణాలు గుర్తొస్తాయి తప్ప ఇరుసు గుర్తుకు రాదు. మెకానిక్ నుంచి ఇంజనీరు దాకా అందరూ డిఫరెన్షియల్ అనే అంటారు, అదే ఉంచుకుందాం. అసలు చిక్కు ‘జారుడు’తోనే.

జారుడు అనగానే టైరు రోడ్డు మీద జారడమే తోస్తుంది. ఈ పేరులోని స్లిప్ అది కాదు, ఎడమ కుడి చక్రాలు తిరిగే వేగాల మధ్య తేడా. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి కాబట్టి ఆ తేడా ఉండి తీరాలి. దాన్ని రానివ్వడానికే డిఫరెన్షియల్ ఉంది. అయితే మామూలు రకం రెండు వైపులకూ చక్రాన్ని తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని సమానంగానే పంచుతుంది. ఒక చక్రం బురదలో పడి 50 న్యూటన్ మీటర్ల టార్క్‌కే పట్టు వదిలేసిందనుకోండి, గట్టి నేల మీదున్న రెండోదానికీ అందేది దాదాపు ఆ 50 మాత్రమే. ఒకటి గిర్రున తిరుగుతుంది, కారు కదలదు. లిమిటెడ్ స్లిప్ రకం లోపలి రాపిడితో ఆ తేడాను బిగబట్టి, నెమ్మదిగా ఉన్న చక్రానికి ఎక్కువ టార్క్ ఇస్తుంది. రెండు చక్రాల టార్క్‌ల మధ్య నిష్పత్తి 3 దాకా పోనిచ్చేదైతే రెండోదానికి 150 దాకా వెళుతుంది.

అందుకని మొదటిసారి ‘చక్రాల వేగభేదాన్ని అదుపుచేసే డిఫరెన్షియల్’ అని వివరించి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేరే వాడదామంటాను.

వ్యాఖ్య: వివరణ బాగుందండీ, కానీ పొడుగైంది. ‘పట్టు డిఫరెన్షియల్’ అంటే సరిపోదా?

జవాబు: వద్దండీ. అది కొత్తగా పట్టు పుట్టిస్తుందన్న భ్రమ కలుగుతుంది. టైర్లకీ నేలకీ మధ్య ఎంత పట్టు ఉందో అంతే, ఇది ఉన్నదాన్ని వాడుకోనిస్తుంది. రెండు చక్రాలూ మంచు మీదుంటే చేయగలిగింది పెద్దగా లేదు. పైగా వెనక చక్రాలతో నడిచే కారులో, మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రెండూ ఒకేసారి పట్టు వదిలి, వెనక భాగం పక్కకు తిరిగిపోవచ్చు. మామూలు రకంలో లోపలి చక్రం ఒక్కటే వదులుతుంది, బయటిది కారును నిలబెడుతుంది.

వ్యాఖ్య: ‘వేగభేదం’ మీదా నాకో అభ్యంతరం ఉంది. సిలికాన్ ద్రవంతో పనిచేసే విస్కస్ రకం వేగంలో తేడా వస్తేనే స్పందిస్తుంది, నిజమే. కానీ గేర్లతో పనిచేసే టోర్సెన్ అనే రకం పేరే టార్క్, సెన్సింగ్ అనే రెండు మాటల ముక్కలతో కట్టింది. అది స్పందించేది టార్క్‌కి. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేచి టార్క్ సున్నా అయితే, సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నాయే కదా!

జవాబు: చాలా మంచి మాట చెప్పారు. అయినా నేను చెప్పిన ‘వేగభేదం’ అన్న మాట పరికరం దేనికి స్పందిస్తుందో చెప్పడం లేదు, ఏం చేస్తుందో చెబుతోంది. క్లచ్ ప్లేట్లయినా, గేర్లయినా, ద్రవమైనా చివరికి అదుపయ్యేది వేగభేదమే.

ఆ మాట ఎందుకు అవసరమో మలుపులో చూడండి. మలుపులోకి దిగేటప్పుడు వేగంగా తిరిగేది బయటి చక్రం. కాబట్టి బిగింపు ఉన్న డిఫరెన్షియల్ టార్క్‌ని లోపలి చక్రం వైపు నెడుతుంది, కారు తిరగడానికి మొరాయించి నేరుగా పోవాలని చూస్తుంది. మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కారు. బరువు బయటికి ఒరిగి, తేలికపడిన లోపలి చక్రం పట్టు వదిలి వేగం అందుకుంటుంది. ఇప్పుడు టార్క్ బయటి చక్రానికి మళ్లుతుంది, అది కారు ముక్కును మలుపు లోపలికి తిప్పుతుంది. పరికరం ఒకటే, మలుపూ ఒకటే, కానీ ఏ చక్రం వేగంగా ఉందన్న దాన్నిబట్టి నడక తారుమారవుతోంది. ‘జారుడు’ అని రాస్తే ఇందులో మొదటి సగం పాఠకుడికి అందనే అందదు. అక్కడ ఏ టైరూ పట్టు వదల్లేదు మరి.

వ్యాఖ్య: అయితే వన్ వే, టూ వే అన్నవి కూడా దీనికి సంబంధించినవేనా?

జవాబు: అవునండీ, క్లచ్ రకంలో వస్తాయి. వన్ వే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బిగుస్తుంది, టూ వే వదిలినప్పుడు కూడా. ముందు చక్రాలతో నడిచే కారులో ఆ బిగింపు స్టీరింగ్‌ని లాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది.