ఫ్లయింగ్ బ్రాంచ్‌కి వెళ్లాలంటే ముందు కోచింగా, మెడికలా?

గండిమైసమ్మ నాన్న
మా ఇల్లు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి దగ్గర. పొద్దున లేస్తే శిక్షణకి వాడే పిలాటస్ విమానాలు మా డాబా మీదే తిరుగుతుంటాయి. మా అమ్మాయి ఆ చప్పుడులోనే పెరిగింది. 2016 జూన్‌లో ఇదే అకాడమీ నుంచి ముగ్గురు అమ్మాయిలు దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు. అప్పటి నుంచి ఒకటే పాట, నేనూ వెళ్తా అని. ఇప్పుడు 21 నిండాయి, బీటెక్ ఫైనలియర్. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంపికకి పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాతపరీక్షకి తనే చదువుకుంటోంది. 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. దాని గురించి నాకు టెన్షన్ లేదు.

నా బాధల్లా ఆ తర్వాత వచ్చే సీపీఎస్ఎస్ గురించి. పైలట్‌గా పనికొస్తారో లేదో మిషన్ మీద చూసే పరీక్ష. జీవితంలో ఒక్కసారే. అందులో పోతే ఇంక ఏ ఎంట్రీలోనూ ఫ్లయింగ్ బ్రాంచ్ లేదు. ఈసీఐఎల్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు ఇంటర్వ్యూకీ దీనికీ కలిపి అరవై వేలు అంటున్నారు. ఒక గదిలో జాయ్‌స్టిక్, కాలి పెడళ్లు, స్క్రీన్ పెట్టి చూపించారు. మా ఆవిడ కట్టేద్దామంటోంది, మా తమ్ముడు దండగంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

చింతల్ పోరడు
కట్టకండి అంకుల్. నేను కట్టి పోగొట్టుకున్నోణ్ని. మా సెంటర్‌లో ఉన్నది గేములాడే జాయ్‌స్టిక్, అరిగిపోయి లూజుగా ఉండేది. స్క్రీన్ మీద చుక్క కదలాలంటే గట్టిగా గుంజాలి. రెండు నెలలు అట్లనే గుంజి గుంజి చెయ్యి దానికే అలవాటు పడింది. మైసూరులో అసలు మిషన్ ముందు కూర్చున్నాక మొదటి గుంజుడికే చుక్క ఎటో పోయింది. దాన్ని వెనక్కి తేబోయి ఇంకా ఎక్కువ గుంజాను. ఆ రోజుతో నా ఫ్లయింగ్ అయిపోయింది. గ్రౌండ్ డ్యూటీకి మళ్లీ రాయొచ్చు, రాస్తున్నా. కానీ ఆ మొదటి నిమిషం ఇప్పటికీ కలలోకొస్తుంది.

నాగోల్ 22
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ తయారవకుండా పొమ్మనడం కూడా తప్పే. నేను కిందటేడాది పాసయ్యాను. సీపీఎస్ఎస్‌లో విమానం డయళ్లు చదివే భాగం ఒకటుంటుంది, మిషన్ భాగం ఒకటుంటుంది. ఆ రెండూ వేరు. డయళ్లు ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, నేర్చుకునే వెళ్లాలి. ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో పొట్టి ముల్లు వేల అడుగులు, పొడుగు ముల్లు వందలు. కంగారులో అందరూ తిరగేసి చదువుతారు. ఇంకోటి విమానం ఎటు వాలిందో చూపే కృత్రిమ క్షితిజం డయల్. విమానం కుడికి వాలితే అందులో నేలగీత ఎడమకి వాలినట్టు కనబడుతుంది. నాకిది మూడు రోజులు ఎక్కలేదు. చివరికి బండి మీద మలుపు తిరుగుతూ ఎదురుగా ఉన్న కాంపౌండ్ గోడని చూశాను, అప్పుడు వెలిగింది. (హెల్మెట్ పెట్టుకునే చూశాను, తిట్టకండి.)

నోటుబుక్కులో రోజుకి ఇరవై డయళ్లు గీసుకుని టైమ్ పెట్టుకుని చదివితే రెండు వారాల పని. దానికి అరవై వేలెందుకు? మిషన్ భాగానికి మాత్రం అక్కడే ఎలా చేయాలో చెప్తారు. ఆ చెప్పేది శ్రద్ధగా విని, ముందురోజు బాగా నిద్రపోయి వెళ్తే చాలు.

హాస్టల్ బతుకు
నాదొక డౌట్. కోచింగ్‌తో పాసవ్వొచ్చు అంటే, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నలుగురితో గది పంచుకునే నాలాంటోడు పైలట్ అవ్వకూడదా? కోచింగ్‌తో ఏమీ రాదంటే, మరి ఆ సెంటర్లు డబ్బులెందుకు తీసుకుంటున్నట్టు? మా ఊళ్లో పదో తరగతి నుంచి ట్రాక్టర్ తోలినా. క్లచ్చు, బ్రేకు, స్టీరింగు, వెనక నాగలి ఎంత దిగిందో ఒక కన్ను. నా చెయ్యీ కాలూ నేర్చుకున్నది అక్కడే.

చింతల్ పోరడు
తమ్మీ, ఆ ట్రాక్టరే నీకు మా సెంటర్ కంటే నయం. నవ్వులాట కాదు, నిజంగానే అంటున్నా.

సైనిక్‌పురి తాత
ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల కింద పనిచేసినవాణ్ని, పైన కాదు. ఇంతమంది ఇంత రాశారు గానీ, ఆ అమ్మాయి ఎత్తెంత, కాలి పొడవెంత, కళ్లద్దాలున్నాయా అని ఒక్కరైనా అడిగారా?

పైలట్‌కి ఎత్తు కనీసం 162.5 సెం.మీ. ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64 దాటకూడదు, కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96. ఇవి ఎవరో సరదాకి పెట్టినవి కావు. కాలు పొట్టిదైతే విమానం ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్ పెడల్ చివరిదాకా అందదు. తొడ పొడుగైతే, ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటు పేలి పైకి లేచినప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కి తగిలి విరుగుతాయి. సీటు పైకి లేచే ఆ అదురు వెన్ను మీద పడుతుంది కాబట్టే వెన్నెముక ఎక్స్‌రే కూడా తీస్తారు. ఎముక పొడవుని ఏ కోచింగూ పెంచదు. ముందు టేపు కొనండి, ఇరవై రూపాయలు. అరవై వేల సంగతి తర్వాత.

గండిమైసమ్మ నాన్న
సార్, మీరు చెప్పాక ఇప్పుడే కొలిచాం. ఎత్తు 164. గోడకి ఆనించి కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, గోడ నుంచి మడమ దాకా చూస్తే 98న్నర వచ్చింది! అమ్మాయి మొహం చూడలేకపోయాను. ఇంకో మాట, కుడి కంటికి మైనస్ 0.75 పవర్ ఉంది. లాసిక్ (లేజర్ ఆపరేషన్) చేయిస్తే సరిపోతుందని సెంటర్‌వాళ్లే అన్నారు.

సైనిక్‌పురి తాత
కంగారు పడకండి. మోకాళ్లు నేలకి ఆనాయా, పైకి లేచి ఉన్నాయా? చాలామంది పిల్లలకి తొడ వెనక కండరాలు బిగుసుకుని మోకాలు లేస్తుంది, అక్కడే సెంటీమీటరు పోతుంది. ఒకరు మోకాళ్లు మెల్లగా నొక్కి పట్టుకోండి, ఇంకొకరు కొలవండి. అయినా ఇంటి కొలత ఇంటి కొలతే, అసలు కొలత బెంగళూరులోనో ఢిల్లీలోనో మెడికల్ బోర్డువాళ్లు తీసేదే.

లాసిక్ గురించి ఆ సెంటర్‌వాళ్లు సగమే చెప్పారు. పైలట్‌కి మైనస్ అసలు ఉండకూడదు, అది నిజం. ఆపరేషన్ 20 ఏళ్లు నిండాకే చేయించుకుని ఉండాలి, చేయించుకున్నాక కనీసం 12 నెలలు గడవాలి. కంటిగుడ్డు పొడవు 25.5 మి.మీ. దాటకూడదు, కార్నియా (కంటి ముందుపొర) మందం 450 మైక్రాన్లకి తగ్గకూడదు. ఆ కొలతలు తీయించకుండా లేజర్ కింద పడుకోబెట్టొద్దు.

నాగోల్ 22
తాతగారూ, ఒకటి కలుపుతా. ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్‌కి వయసు 20 నుంచి 24, అదీ కోర్సు మొదలయ్యే రోజుకి లెక్క. అమ్మాయికి 21 నిండాయి. ఈ నెల ఆపరేషన్ చేయిస్తే ఏడాది గడిచేసరికి 22 దాటుతుంది. రాతపరీక్ష, ఐదు రోజుల ఇంటర్వ్యూ, మెడికల్, మెరిట్ లిస్టు అయ్యి కోర్సు మొదలవడానికి దాదాపు ఏడాది. పరీక్ష ఏడాదికి రెండుసార్లే. వేళ్ల మీద లెక్కేస్తే చేతిలో రెండో మూడో ఛాన్సులు. చేయించాలంటే ఇప్పుడే చేయించాలి. ఆరు నెలలు కోచింగ్‌కి తిరిగి ఆ తర్వాత కళ్ల సంగతి చూద్దామంటే ఇంక అంతే.

హాస్టల్ బతుకు
ఆపరేషన్ అయ్యాక కూడా బోర్డువాళ్లు కాదంటే? 0.75 కోసం కన్ను కోయించుకోవడం నాకైతే భయమే అక్కా.

నాగోల్ 22
భయపడాల్సిందే తమ్ముడూ. నేనేమీ గ్యారంటీ ఇవ్వట్లేదు. ఆ అమ్మాయి కన్ను, ఆ అమ్మాయే తేల్చుకోవాలి, వాళ్ల నాన్న కాదు. నా రూమ్మేట్‌ని ముక్కు దూలం వంకరుందని పక్కన పెట్టారు. ఇక్కడే సరిచేయించుకుని అప్పీల్ బోర్డుకి వెళ్లి ఫిట్ అనిపించుకుంది. కొన్నిటికి దారుంటుంది, కొన్నిటికి ఉండదు. ఏది ఏ రకమో డబ్బు కట్టే ముందే తెలుసుకోమంటున్నా.

చింతల్ పోరడు
నేనొప్పుకోను. కన్ను కోయించుకుని, ఏడాది ఆగి, చివరికి నాలాగ మిషన్ దగ్గర పోతే? అది కూడా ఆలోచించండి అంకుల్.

గండిమైసమ్మ నాన్న
మళ్లీ కొలిచాం. మా ఆవిడ మోకాళ్లు నొక్కి పట్టుకుంది, నేను టేపు. 99.3. ఇంకోసారి 99.2. అమ్మాయి పొద్దున్నుంచి ఆ కండరాలు సాగదీసే వ్యాయామాలు మొదలుపెట్టింది. శనివారం కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్, ముందు ఆ రెండు కొలతలే తీయిస్తాం. ఆపరేషన్ మాట అవి వచ్చాకే.

చింతల్ బాబూ, నువ్వన్నది చదివి వినిపించాను. "పోతే పోయేది నా కన్ను, నా ఏడాది" అంది. మా ఆవిడ రాత్రి అన్నం తినలేదు.

డబ్బులు కట్టలేదు. సెంటర్‌వాళ్లు ఫోన్ చేసి నెలాఖరులోపు చేరితే పదివేలు తగ్గిస్తామన్నారు. అమ్మాయే ఎత్తి, మీ జాయ్‌స్టిక్ లూజుగా ఉంటుందా, టైటుగా ఉంటుందా అని అడిగింది. కనుక్కుని చెప్తామన్నారు.