వంటగది గోడ తీసేయడానికి అనుమతి తప్పనిసరా?

గృహస్థు: మాది అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న గోడ తీసేసి, సింకును కిటికీ వైపుకు మార్చాలనుకుంటున్నాము. ఇంటి లోపలి పనికి అనుమతి అక్కర్లేదని మేస్త్రీ గారు అంటున్నారు. నిజమేనా?

ఇటుకరాయి: నిజమే. పిల్లర్లూ బీములూ ఉన్న కట్టడంలో 4.5 అంగుళాల గోడ అడ్డుతెర వంటిది, బరువంతా పిల్లర్లే మోస్తాయి. మేము బాత్రూము పనికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఆ పనితో సంబంధం లేని బాల్కనీ గ్రిల్లు పాత ప్లానులో లేదని అభ్యంతరం చెప్పి ఫైలును పక్కన పెట్టారు; అది తేలేలోగా మా మేస్త్రీ వేరే పని ఒప్పుకొని వెళ్లిపోయాడు.

పైకప్పుకింద: గోడ మందం చూసి బరువు మోయడం లేదని తేల్చలేము. ఏళ్లు గడిచి శ్లాబు కాస్త కిందికి వంగితే, మొదట ఏ బరువూ లేని గోడ కూడా దానికి ఆసరాగా మారవచ్చు. అది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పవలసిన మాట.

తాపీపని: రంగులు, అలమరాలు, టైల్స్ మార్చడానికి సాధారణంగా అనుమతి అడగరు. గోడ తీయడం, పైపుల దారి మార్చడం, కొత్త కరెంటు లైను వేయడం వంటివాటికి చాలాచోట్ల అడుగుతారు.

ఇటుకరాయి: 4.5 అంగుళాల గోడ గురించి నేను చెప్పినదాంట్లో తప్పేమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు.

గృహస్థు: గోడ పైన బీము కనిపించడం లేదు. శ్లాబు నేరుగా గోడ మీద ఆనినట్టుంది.

పైకప్పుకింద: అయితే సుత్తి పక్కన పెట్టండి. మా పైఅంతస్తువారు ఇలాగే సింకు జరిపారు. మురుగు పైపుకు మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. అది లేక నీరు నిలిచి, జాయింటు దగ్గర కారి, మా వంటగది గోడంతా చెమ్మ పట్టింది. అనుమతి తీసుకొని ఉంటే టైల్స్‌తో మూసేముందు ఎవరో ఒకరు వచ్చి ఆ పైపును చూసేవారు.

ఇటుకరాయి: వచ్చినవారు నీళ్లు పోసి చూస్తారా, సంతకం పెట్టి వెళ్తారా? మీ చెమ్మకు కారణం చేతకాని ప్లంబరు.

పైకప్పుకింద: మొదటినుంచీ మీరు మీ ఫైలు గురించే రాస్తున్నారు, కింద ఉండేవాళ్ల గురించి ఒక్క మాట కూడా రాయలేదు. మీ నేల మాకు పైకప్పు అండీ! పైన ఏం చేస్తున్నారో నాకు ముందుగా తెలియడానికి, వద్దనడానికి ఆ దరఖాస్తు తప్ప వేరే దారి లేదు.

ఇటుకరాయి: ఇప్పుడు బయటపడింది. మీకు కావలసింది అనుమతి కాదు, వీటో. ఇంజినీరుకు డబ్బిచ్చి రాతపూర్వకంగా తీసుకోవడానికి నేను సిద్ధమే గానీ, నా సింకు ఎక్కడ ఉండాలో కింది అంతస్తువారు నిర్ణయిస్తామంటే ఒప్పుకోను.

పైకప్పుకింద: సింకు మీ ఇష్టం, పైపు వాలు నాకూ సంబంధించినది. ఆ ఇంజినీరు కాగితం మీ బీరువాలో ఉంటుంది, రేపు మీరు ఇల్లు అమ్మి వెళ్లిపోతే నేను ఎవరిని అడగాలి?

తాపీపని: అమ్మేటప్పుడు కొనేవారి బ్యాంకు కూడా ఆమోదిత ప్లానుతో పోల్చి చూడవచ్చు.

గృహస్థు: పని ఆపించాము. ఇంజినీరు గారు వచ్చి ఒక మూల ప్లాస్టరు తీయించి చూస్తామన్నారు. కింది అంతస్తువారికి ఇప్పుడే చెప్పాలా, ఆయన వచ్చి వెళ్లాక చెప్పాలా అన్నది మా ఇంట్లోనే తేలలేదు.

ఇటుకరాయి: ముందే చెబితే ఈ పని ఇక కాదు.

పైకప్పుకింద: ఆయన వచ్చే రోజున వారిని కూడా పైకి పిలవండి.