హైబ్రిడ్ కారులో యాంప్లిఫైయర్‌కి పవర్ ఎలా ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో ఉంటాను, కారు 2010 టొయోటా ప్రియస్. పాత పాటల్లో తబలా, మృదంగం నిండుగా వినాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. 500 వాట్ల క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్లిఫైయర్, అంటే యాంప్, 10 అంగుళాల సబ్‌వూఫర్ (లోతైన శబ్దాల స్పీకర్) కొన్నాను. బిగించే ముందే టెన్షన్ పట్టుకుంది.

ఈ కారులో ఆల్టర్నేటర్ (మామూలు కార్లలో ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) లేదు. డిక్కీలో కుడిపక్కన చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంది. దాన్ని 201.6 వోల్టుల పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ ఛార్జ్ చేస్తుంది, అదీ కారు రెడీ మోడ్‌లో (స్టార్ట్ అయి నడపడానికి సిద్ధంగా) ఉన్నప్పుడే. యాంప్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, ఫుల్ సౌండ్‌లో 45 ఆంపియర్ల దాకా లాగుతుందని నా లెక్క. అయితే పాటల్లో సగటు అంతకన్నా చాలా తక్కువే ఉంటుంది కదా. ఒక షాపులో అడిగితే "మామూలు కారే అనుకోండి, ఏమీ కాదు" అన్నారు. ఆ మాట నాకు నమ్మకం కలిగించలేదు. 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే ఈ కారు అసలు రెడీలోకే రాదు.

పెద్ద బ్యాటరీకి చెందిన ప్రమాదకరమైన నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎలాగూ వెళ్లను. 4 గేజ్ (మందం కొలత) రాగి వైరు, బ్యాటరీకి అడుగు దూరంలోపే ఫ్యూజు పెడదామనుకుంటున్నాను. నెగెటివ్ వైరు బ్యాటరీకే కలపాలా, దగ్గర్లోని బాడీ బోల్టుకా? రిమోట్ వైరు (యాంప్‌ను ఆన్, ఆఫ్ చేసే సన్న వైరు) ఎక్కడి నుంచి తీస్తే కారు ఆపగానే యాంప్ కూడా ఆగుతుంది? యాంప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఆదుకునే కెపాసిటర్ అవసరమా? ప్రియస్‌లో స్వయంగా బిగించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఈ శనివారమే పని మొదలుపెడదామనుకుంటున్నాను.