ఊరి చందాతో ఫ్రీజర్ పెట్టె కొనాలా, ఇద్దరు ఆడవాళ్ళకి ట్రైనింగ్ ఇప్పించాలా?

కవిటి కుర్రోడు

మాది కవిటి దగ్గర ఒక ఊరు. పేరు రాయను, గ్రూపులో గొడవ ఇప్పటికే సరిపడా ఉంది. హైదరాబాద్, చెన్నై, గల్ఫ్‌లో ఉన్న మా ఊరివాళ్ళం సంక్రాంతికి 3 లక్షల 20 వేలు పోగు చేశాం. ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి చెయ్యాలన్నది మాట. ఇప్పుడు రెండు ముక్కలయ్యాం. సగం మంది శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె, దానికో చిన్న జనరేటర్ కొందామంటున్నారు. మిగతా సగం (నేనూ అందులోనే) ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళకి మంచాన పడ్డవాళ్ళని, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే శిక్షణ ఇప్పించి, ఏడాది పాటు నెలకి 9 వేల చొప్పున ఇద్దామంటున్నాం.

నా కారణం మా చిన్నాన్న. ఉద్దానం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా వీధిలో 11 ఇళ్ళుంటే నాలుగింట్లో కిడ్నీ జబ్బే. ఆయన మూడేళ్ళు డయాలసిస్‌కి తిరిగారు. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు, పైన ఆటో ప్రయాణం. ఒకరోజు "ఇంక నన్ను తిప్పకండ్రా" అన్నారు. డయాలసిస్ మానేశాక తొమ్మిది రోజులు బతికారు. ఆ తొమ్మిది రోజులూ ఒళ్ళంతా దురద. గోళ్ళతో గీకితే రక్తం వస్తోందని పిన్ని కొబ్బరి నూనె రాసి దువ్వెనతో గీకేది. తెల్లవారుజామున మూడింటికి కూడా అదే చప్పుడు. దానికి మందు ఉందో లేదో, ఎవర్ని అడగాలో మాకు తెలియదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చింది, మంచిదే. ఇంక వద్దనుకుని ఇంట్లో పడుకున్నవాడి దగ్గరకి ఎవరొస్తారు?

బయటివాళ్ళ అభిప్రాయం కావాలి. మొహమాటం వద్దు.

దుబాయ్ మేస్త్రి

నేను బయటివాణ్ణి కాదు, అదే ఊరు. పెట్టె కావాలన్న పక్షం.

తమ్ముడూ, మీ చిన్నాన్న పోయినప్పుడు నువ్వు పక్కన ఉన్నావు. మా నాన్న పోయినప్పుడు నేను షార్జాలో ఉన్నాను, పాస్‌పోర్టు కంపెనీ చేతిలో. అది విడిపించుకుని, టికెట్ దొరికి, వైజాగ్‌లో దిగి ఊరు చేరేసరికి మూడో రోజు. సోంపేట నుంచి పెట్టె అద్దెకి తెచ్చారు కాబట్టి ముఖం చూడగలిగాను. అంతకుముందు మా పెదనాన్నకి పెట్టె దొరకలేదు. ఊక పోసి ఐస్ దిమ్మల మీద పడుకోబెట్టారు. మే నెల. ఆ నీళ్ళు గడప దాటి వీధిలోకి కారుతుంటే మా అన్న గోనె సంచులతో తుడుస్తూ కూర్చున్నాడు. ఏడవడానికి కూడా వాడికి తీరిక లేదు.

ఇంకో మాట. మీరు ట్రైనింగ్ ఇప్పించిన అమ్మాయి ఏడాది తిరక్కుండా వైజాగ్ ఏజెన్సీలో చేరి 18 వేలు తెచ్చుకుంటుంది. ఆమెని తప్పు పట్టను, నేనూ అలాగే వచ్చినవాణ్ణే. పెట్టె మాత్రం ఎక్కడికీ పోదు.

పలాస జీడి

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి పోయాక మా వీధికి కరెంటు రావడానికి రెండు వారాలు పట్టింది. పెట్టెకి జనరేటర్ కావాలి, దానికి డీజిల్ కావాలి, అది పట్టుకొచ్చి పొయ్యడానికి మళ్ళీ మనిషే కావాలి. ఊరికే గుర్తు చేశాను.

భోగాపురం కోడలు

మా అత్తగారు అడ్డపొగ తాగేవారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా సముద్రం ఒడ్డు ఊళ్ళలో ముసలమ్మలకి మామూలే. అంగిట్లో పుండు లేచింది, క్యాన్సర్ అన్నారు. వైజాగ్‌లో కరెంటు (రేడియేషన్) పెట్టించాం. తిరగబెట్టాక "ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి" అన్నారు. ఆ "బాగా" అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు.

నాలుగు నెలలు నేనే చూశాను. నొప్పి ఒక ఎత్తు, వాసన ఒక ఎత్తు. పుండు చెంప దాటి బయటికి వచ్చేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎలాగున్నావు వదినా" అని అక్కణ్ణించే వెళ్ళిపోయేవారు. ఆవిడకి అర్థమయ్యేది. గోడవైపు తిరిగి పడుకునేవారు. అగరొత్తులు వెలిగించాం, ఫినాయిల్ చల్లాం, ఏమీ కాలేదు.

మూడు నెలలయ్యాక, నర్సుగా చేసే దూరపు చుట్టం ఒకావిడ వచ్చి చూసి డాక్టరుతో మాట్లాడింది. విరేచనాలకి వేసుకునే మెట్రోనిడజోల్ మాత్రలే, మెత్తగా పొడి చేసి, పుండు కడిగాక దాని మీద చల్లమన్నారు. మూడో రోజుకి వాసన సగం తగ్గింది. వారానికి నా కొడుకు మళ్ళీ నానమ్మ మంచం ఎక్కాడు. స్ట్రిప్ ఖరీదు ఒక టీకి అయ్యేంత. ఆ మాట చెప్పే మనిషి లేక మూడు నెలలు ఆవిడ గోడని చూస్తూ గడిపారు.

దుబాయ్ అన్నయ్యగారి బాధ నాకు అర్థమైంది. నా ఓటు మాత్రం మనిషికే.

నరసన్నపేట పెద్దబాబు

నేను రెండిటికీ వ్యతిరేకం. ఆ డబ్బు బోరుకో బడికో పెట్టండి.

కన్నవాళ్ళని చివర్లో చూసుకోవడానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టడం ఏమిటి? మన అమ్మలకి, అమ్మమ్మలకి ఏ ట్రైనింగ్ ఉంది? ఇవాళ ఊరు డబ్బిస్తుంది, రేపు అందరూ "ఆమె ఉందిగా" అని పొలం వెళ్ళిపోతారు. ఇంకోటి, ఎవరూ పైకి అనరు కాబట్టి నేనే అంటాను. మా అమ్మకి 82 ఏళ్ళు. వేరే కులం మనిషి చేతి నీళ్ళు తాగదు. తప్పని నాకు తెలుసు, ఎన్నోసార్లు చెప్పాను. చివరి నెలలో ఆవిడకి సంస్కరణ నేర్పుతామా? ఆ వచ్చిన అమ్మాయి ఆ చీదరింపు ఎందుకు పడాలి?

భోగాపురం కోడలు

పెద్దబాబు గారూ, మన అమ్మలకి ట్రైనింగ్ లేదు, నిజమే. అందుకే నడుములు పోయాయి. కన్నవాళ్ళని చూసుకోవడం అని మగవాళ్ళు రాస్తారు, చూసేది కోడళ్ళు. మీరు ఎంతమందికి బెడ్‌పాన్ పెట్టారో చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

నరసన్నపేట పెద్దబాబు

మా నాన్నకి పెట్టాను. 11 నెలలు. పక్షవాతం.

అందుకే చెబుతున్నానమ్మా. అంతకుముందు 40 ఏళ్ళలో ఆయన నాతో మాట్లాడింది తక్కువ. గడ్డం గీస్తున్నప్పుడు, ఒళ్ళు తుడుస్తున్నప్పుడు మాట్లాడేవారు. మాట సరిగా వచ్చేది కాదు, అయినా. ఆ పని జీతం మనిషికి అప్పజెప్పి ఉంటే అది నాకు దక్కేది కాదు.

భోగాపురం కోడలు

క్షమించండి. మీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. (మిగతా మగవాళ్ళకి ప్రశ్న అలాగే ఉంది.)

రిటైర్డ్ సిస్టర్, విజయనగరం

34 ఏళ్ళు వార్డుల్లో చేశాను. అందరూ "ట్రైనింగ్" అంటున్నారు, అందులో ఏముంటుందో ఎవరూ అడగలేదు. బీపీ, షుగర్ చూడటం వారంలో వచ్చేస్తుంది. కష్టమంతా మిగతా దాంట్లోనే.

మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలని అందరూ చెబుతారు, ఎలా తిప్పాలో చూపించరు. చెయ్యి పట్టి లాగకూడదు. దుప్పటి మడతపెట్టి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి, ఇద్దరు చెరోవైపు ఆ దుప్పటిని ఎత్తి పట్టుకుని జరపాలి. లాగితే చర్మం పక్కకి రాసుకుంటుంది, పుండు అక్కడే మొదలు.

ఆఖరి రోజుల్లో గొంతులో గురగుర వస్తుంది. ఇంటివాళ్ళు ఊపిరాడట్లేదని బెంబేలెత్తి అంబులెన్స్ పిలుస్తారు, మనిషి టెక్కలి దాటకముందే దారిలో పోతాడు. అది దగ్గలేక, మింగలేక గొంతులో చేరిన ఊట. పక్కకి తిప్పి పడుకోబెడితే చాలాసార్లు తగ్గుతుంది. అప్పటికి స్పృహ ఉండీ లేనట్టు ఉంటుంది, వింటున్నవాళ్ళకున్నంత బాధ ఆయనకి ఉండదు. ఈ ఒక్క మాట చెప్పే మనిషి పక్కనుంటే ఎంతమంది తమ ఇంట్లో తమ మంచం మీద పోయేవారో.

తులసి నీళ్ళు నేను వద్దనను. మింగలేని నోట్లో పన్నెండు మంది చుట్టాలు తలో చెంచా పోస్తే మాత్రం అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దూదితో పెదాలు తడపండి, ఆచారమూ ఆగదు. "కింద పెట్టెయ్యండి" అనే మాట కూడా అంతే. ఎముకలకి క్యాన్సర్ పాకిన మనిషిని అప్పటికప్పుడు మంచం మీంచి ఎత్తి దింపితే వచ్చే అరుపు నేను విన్నాను. ఇంకో ఇంట్లో నాలుగు రోజుల ముందే పరుపు కింద వేయించాను. ముసలాయన అడిగితే ఫ్యాను గాలి బాగా తగుల్తుందన్నాం. పెద్దవాళ్ళూ తృప్తి పడ్డారు, ఆయన్ని ఎవరూ ఎత్తలేదు.

ఇక మార్ఫిన్, అంటే గట్టి నొప్పికి ఇచ్చే మందు. 1985 నాటి మత్తుమందుల చట్టానికి భయపడి చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో సవరణ చేసి గుర్తింపు పొందిన ఆసుపత్రులకి దారి సులువు చేశారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మామూలు మాత్రని నాలుగు గంటలకోసారి ఇస్తారు, తోడుగా విరేచనం మందు తప్పనిసరి. రాసేది డాక్టరు. ట్రైనింగ్ అమ్మాయి పని వేళకి గుర్తు చెయ్యడం, నొప్పి ఎలా ఉందో రాసిపెట్టడం, అంతే. ఉద్దానంలో ఇంకో మెలిక ఉంది. కిడ్నీలు పనిచెయ్యని ఒంట్లో మార్ఫిన్ తాలూకు పదార్థాలు బయటికి పోక పేరుకుంటాయి. మగత, కాళ్ళూ చేతులూ ఎగిరెగిరి పడటం, ఊపిరి మందగించడం. వాళ్ళకి డాక్టరు వేరే మందు, వేరే లెక్క చూడాలి. పక్కింట్లో క్యాన్సర్ మనిషి పోతే మిగిలిన మాత్రలు తెచ్చి కిడ్నీ మనిషికి వేసే మంచితనం మన ఊళ్ళలో ఉంది. ఆ అమ్మాయికి మొదటి రోజే నేర్పాల్సింది ఇది.

పెద్దబాబు గారికి: ఇంటివాళ్ళని పక్కకి నెట్టి తను చెయ్యడం ఆ అమ్మాయి పని కాదు. ఇంటివాళ్ళకి నేర్పడం, వాళ్ళు నిద్రపోయే రెండు గంటలు కూర్చోవడం.

నా షరతు ఒక్కటే. ఆమె వెనక రాత్రి ఫోన్ ఎత్తే డాక్టరు గానీ నర్సు గానీ ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే ట్రైనింగ్ వద్దు, పెట్టే కొనుక్కోండి.

చీపురుపల్లి టు కోజికోడ్

సిస్టర్ చెప్పినట్టే కేరళలో చూశాను. ఇలా నొప్పి తగ్గించి, చివరిదాకా చూసుకునే పని (పాలియేటివ్ కేర్ అంటారు) కోజికోడ్ మెడికల్ కాలేజీలో 1993లో చిన్న క్లినిక్‌గా మొదలైంది. 2008లో ఆ రాష్ట్రం దీనికి ప్రత్యేకంగా పాలసీ తెచ్చింది, పంచాయతీలు డబ్బు పెడతాయి. నర్సు జీపులో ఇంటికొస్తుంది, ఊరివాళ్ళు జీతం లేకుండా తోడు వెళ్తారు. "అది కేరళ" అంటారని తెలుసు. తెలంగాణలో కూడా ‘ఆలన’ పేరుతో ఇళ్ళకి వెళ్ళే బండ్లు పెట్టారు మరి.

ఆశా అక్క, వజ్రపుకొత్తూరు

చదివాను. ముందు ఒక దణ్ణం: చివరికి తిప్పితిప్పి ఈ పని ఆశాల మీదకి తేకండి. ఇప్పుడిచ్చే 10 వేలకి గర్భిణులు, టీకాలు, సర్వేలు, యాప్‌లు అన్నీ మావే.

అయినా చెయ్యకుండా ఉండలేం. పోయిన వేసవిలో ఒక మావయ్య, డయాలసిస్ ఆపేశారు. ఇంటివాళ్ళు నన్ను గుమ్మంలోనే ఆపి, ఆయనకి ఏమీ చెప్పొద్దన్నారు. లోపలికి వెళ్ళగానే ఆయన అడిగిన మొదటి మాట, "నాను బతుకుతానేటమ్మా?" కోడలు వెనకాలే నిలబడి ఉంది. నాకు నోట మాట రాలేదు. తోచక "నీకేటనిపిస్తంది మావా?" అన్నాను. చాలాసేపు కప్పు వైపు చూసి, "చిన్నోడికి తోట కాయితాలు ఎక్కడున్నాయో తెల్దు. ఆడికి చూపించాల" అన్నారు. ఆ సాయంత్రమే చూపించారు. నేను బోరింగు దగ్గర ముఖం కడుక్కునే వంకన ఏడ్చి ఇంటికొచ్చాను. అది సరైన జవాబో కాదో ఇప్పటికీ తెలియదు. ట్రైనింగ్ అంటే నాకు అది కావాలి. బీపీ మిషన్ నా దగ్గర ఉంది.

రిటైర్డ్ సిస్టర్, విజయనగరం

సరైన జవాబేనమ్మా. అబద్ధం చెప్పలేదు, ఆయన అడగనిది మీద రుద్దలేదు. నేను వార్డులో అంత బాగా ఎప్పుడూ అనలేదు.

దుబాయ్ మేస్త్రి

సరే, ఒక లెక్క చెబుతాను. పెట్టె కొందాం. చుట్టుపక్కల ఊళ్ళకి అద్దెకిద్దాం. వచ్చిన అద్దెతో ఒక అమ్మాయికి జీతం. అప్పుడు రెండూ అవుతాయి, ఏడాదితో ఆగిపోదు కూడా.

ఆశా అక్క, వజ్రపుకొత్తూరు

అంటే ఎవరూ చావని నెల ఆమెకి జీతం లేదా అన్నయ్యా?

పలాస జీడి

ఆమె బాగా చూసుకుంటే పెట్టెకి గిరాకీ పడిపోతుంది కూడా.

దుబాయ్ మేస్త్రి

నవ్వండి. నేను సీరియస్‌గానే చెప్పాను.

కవిటి కుర్రోడు

అందరికీ థాంక్స్. ఆదివారం గ్రూపు కాల్‌లో ఓటు పెడుతున్నాం. సిస్టర్ గారి షరతు మొదట చదువుతాను. రాత్రి ఫోన్ ఎత్తడానికి ఒప్పుకునే డాక్టరు కోసం అడుగుతున్నాం, ఇప్పటికి ఎవరూ గట్టిగా అవుననలేదు.

మేం అనుకున్న ఇద్దరిలో ఒకామె మా పిన్నే. ఇవాళ ఫోన్ చేసి ఏం కావాలని అడిగాను. జీతం గురించి అడుగుతుందనుకున్నాను. "రాత్రి పన్నెండింటికి పిలిస్తే వెళ్తాను, మళ్ళీ నన్ను ఇంటికి ఎవరు దింపుతారు? తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి" అంది. దీని గురించి మేమెవ్వరం ఆలోచించలేదు.

దుబాయ్ మేస్త్రి

నా బండి ఇంట్లో ఊరికే పడి ఉంది. మా తమ్ముడు దింపుతాడు, వాడికి నేను చెబుతాను.

ఓటు మాత్రం పెట్టెకే.