ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక మైలేజీ 18 నుంచి 15కి పడింది, కారు మార్చాలా?

పేటవాడు:
అందరికీ నమస్తే. మాది సూర్యాపేట. 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి సాయంత్రానికి వచ్చేస్తా, రానూపోనూ 270 కిలోమీటర్లు, మిగతాది ఊళ్లో తిరుగుడు, మొత్తం నెలకి 2,500 దాకా. రెండేళ్ల కింద హైవే మీద 18 తగ్గకుండా ఇచ్చేది, ఇప్పుడు 15 దాటట్లేదు. లీటరు 107 దాటిన రేటుకి లెక్కేస్తే నెలకి మూడు వేలు ఊరికే పోతున్నాయి. బంకులో అడిగితే "అంతా ఈ20 కదా సార్" అంటాడు, మా బావమరిదేమో అమ్మేసి సీఎన్‌జీ తీసుకోమంటాడు, ఆఫీసులో ఒకాయన హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్, బ్యాటరీ మోటారు రెండూ ఉండేది) అంటాడు, యూట్యూబ్ పెడితే ఎలక్ట్రిక్. ఇంజన్ పాడవుతుందేమోనని టెన్షన్ కూడా ఉంది. వాడేవాళ్లు ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి.

గ్రీజుచేతులు:
అన్నా, ముందు బంకువాడి మాట సంగతి తేల్చుకుందాం. లీటరు పెట్రోల్లో ఉన్న శక్తిలో ఇథనాల్‌కి మూడింట రెండు వంతులే ఉంటుంది. 20 శాతం కలిపితే అసలు పెట్రోల్‌తో పోలిస్తే ఆరేడు శాతం తగ్గాలి. నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లో రాసిందీ అంతే, ఈ10కి (పది శాతం ఇథనాల్ పెట్రోల్‌కి) ట్యూన్ చేసిన పాత కార్లలో 6-7 శాతం, బైకుల్లో 3-4 శాతం అని. పైగా రెండేళ్ల కింద నువ్వు కొట్టించింది కూడా స్వచ్ఛమైన పెట్రోల్ కాదు, అప్పటికే పది శాతం పైన కలుపుతున్నారు. అంటే నీ కారులో ఈ20 వల్ల పోయేది లీటరుకి ఒక కిలోమీటరు, మహా అయితే ఇంకో పావు. నీకు పోయింది మూడు. మిగతా రెండు నీ బండిలోనే ఎక్కడో ఉన్నాయి.

ఇది చెయ్యి. స్క్రీన్ మీద చూపించే మైలేజీ నమ్మొద్దు. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా నింపించి, మీటర్ రాసుకుని, మళ్లీ అక్కడే అలాగే నింపించి లెక్కగట్టు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించు, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టించు, గాలి కొట్టే పిల్లాడు "అన్నిటికీ ముప్పై" అంటే ఊరుకోకు. తర్వాత హైవే మీద ఓ అరగంట పోయి, బ్రేక్ పెద్దగా వాడకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు (డ్రమ్ము ముట్టుకోకు, కాలుద్ది). ఒక చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంటే బ్రేక్ పట్టేస్తున్నట్టే. 80 వేలు దాటిన బండ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే, ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్.

ఇంజన్ భయం గురించి: ఈ20 తట్టుకునే పార్టులు 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఉన్నాయి. నీది అంతకు ముందుది కాబట్టి ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు సర్వీసుకోసారి చూపించు, గట్టిపడినా చెమ్మ కనిపించినా మార్పించు. ఇథనాల్ తేమని లాగుతుంది, నెలల తరబడి నిలబెట్టేసే బండ్లకే ఎక్కువ ఇబ్బంది, నీలా వారం వారం ట్యాంకు ఖాళీ చేసేవాడికి అంత ఉండదు. ఈ20లో ఆక్టేన్ (ఇంజన్‌లో ముందే మండిపోకుండా తట్టుకునే గుణం) 95, మామూలు పెట్రోల్ 91, కాబట్టి మంచిదే కదా అనేవాళ్లున్నారు. ఆ లాభం తీసుకోవాలంటే ఇంజన్‌ని దానికి తగ్గట్టు తయారు చెయ్యాలి, మన పాత ఇంజన్లకి దాంతో ఒరిగేది పెద్దగా లేదు.

కూకట్‌పల్లి_హైబ్రిడ్:
నాది స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్‌యూవీ, రెండేళ్లయింది. కంపెనీ లెక్క 27.97, నాకు సిటీలో 22-23, విజయవాడ వెళ్తే 19-20. తిరగేసి రాశానని అనుకోకండి. ట్రాఫిక్‌లో బ్రేక్ వేసినప్పుడల్లా బ్యాటరీకి కొంత కరెంటు వెనక్కొస్తుంది, మెల్లగా కదిలేటప్పుడు ఇంజన్ ఆగి బ్యాటరీ మోటారే లాగుతుంది, అందుకని సిటీలో దానికి పండగ. నాన్‌స్టాప్‌గా వందలో పోతుంటే వెనక్కి రాబట్టుకోవడానికి ఏముంటుంది? మీ తిరుగుడంతా హైవే, మీకు నేను హైబ్రిడ్ చెప్పను.

మీ లెక్కకి నిజానికి సరిపోయేది ఎలక్ట్రిక్. 270 కిలోమీటర్లకి ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 48 యూనిట్లు అనుకోండి, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ఐదొందల లోపే. మీకిప్పుడు 18 లీటర్లు, 1,900 పైన. తెలంగాణలో రోడ్ టాక్స్ కూడా 2026 డిసెంబర్ 31 దాకా మాఫీ ఉంది. కాకపోతే సొంతిల్లు, పార్కింగ్ దగ్గర ఎర్తింగ్ సరిగ్గా ఉన్న పాయింట్ ఉండాలి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో మాట్లాడాకే షోరూమ్‌కి వెళ్లండి, మా తమ్ముడు వెళ్లకముందు మాట్లాడలేదు, ఇప్పుడు మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీస్తున్నాడు.

సీఎన్‌జీకి డిక్కీ సగం పోతుంది, బంకు దగ్గర క్యూ. అంతకంటే చెప్పడానికేం లేదు.

14టైర్లు:
కార్లోళ్ల గొడవలో నేనొకణ్ని. హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంట్ లోడ్లు తోలుతాం, మూడు లారీలు. మాకు లోడుతో లీటరుకి మూడున్నర వస్తే పండగే. మేం నేర్చుకున్నది ఒకటి చెప్తా తమ్ముడూ, స్పీడు. 90లో పోయే బండిని 110లో తోలితే ఎదురుగాలి నెట్టే బలం ఒకటిన్నర రెట్లవుతుంది. నువ్వు రెండేళ్ల కింద ఎంతలో పోయేవాడివి, ఇప్పుడు ఎంతలో పోతున్నావు? మా డ్రైవర్లకి 60 దాటొద్దని చెప్పి, మిగిలిన డీజిల్లో వాళ్లకి వాటా ఇస్తే నెలలోనే తేడా కనపడింది. తిట్టినన్నాళ్లు కనపడలేదు.

మాకు ఇప్పుడు రెండు తలనొప్పులు. లోడింగ్ కోసం రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీలో పడుకోవడం ఒకటి (పడుకోవద్దని ఎట్ల అంటాం, మే నెలలో క్యాబిన్ పొయ్యి లెక్క ఉంటది). ఇంకోటి యాడ్‌బ్లూ, కొత్త డీజిల్ లారీల్లో వేరే ట్యాంకులో పోసేది. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని నైట్రోజన్‌గా, నీళ్లుగా మారుస్తుంది. చవకని పొలానికేసే యూరియా బకెట్లో కలిపి పోసినోడు మా ఏరియాలోనే ఉన్నాడు, తర్వాత సైలెన్సర్ భాగం మొత్తం మార్చాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ లారీలకి కేంద్రం 9.6 లక్షల దాకా ఇస్తామంది, పాత లారీ స్క్రాప్ చేసిన సర్టిఫికెట్ అడుగుతోంది. ఫ్యాక్టరీ నుంచి గోడౌనుకి తిరిగేవాళ్లకి బాగుంటది. రిటర్న్ లోడు ఎక్కడ దొరికితే అక్కడికి పోయే మా బోటోళ్లకి ఇప్పుడే కాదు.

పేటవాడు:
మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. గ్రీజుచేతులు అన్నా, వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయా. బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్ పట్టేసిందట, పనితో కలిపి 1,400 అయింది. టైర్లలో 33 ఉండాల్సింది 26 ఉంది. లారీ అన్న అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలంటే సిగ్గేస్తోంది, కొర్లపహాడ్ టోల్‌గేటు నుంచి పంతంగి దాకా నేను 115లో పోతున్నా, కొత్త ఉద్యోగంలో తొమ్మిదిన్నరకి లాగిన్. పావుగంట ముందు బయల్దేరి 90లో పోతున్నా ఇప్పుడు. ట్యాంకు నుంచి ట్యాంకుకి లెక్కేస్తే 16.9 వచ్చింది.

కారు అమ్మట్లేదు. ఎలక్ట్రిక్ సంగతి మాత్రం మా ఆవిడ పట్టుకుంది, మాది సొంతిల్లే. పాత వైరింగ్ మీద ఛార్జర్ పెట్టొచ్చా, మీటర్ నుంచి వేరే లైను లాగాలా?