రేకుల షెడ్డు వర్క్‌షాపుకు డస్ట్ కలెక్టర్ కొనాలా, వాక్యూమ్ చాలా?

కొర్లగుంట టేకు
ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్కపని చేసుకుంటాను, శని ఆదివారాలే. లోపల పది అడుగులు బై పన్నెండు, ఎత్తు కూడా పది దాకా ఉంటుంది. టేబుల్ సా, 12 అంగుళాల ప్లానర్ (చిత్రిక పట్టే మిషన్), మైటర్ సా, రూటర్, సాండర్ (ఉప్పుకాగితం పట్టే మిషన్) ఉన్నాయి. పాత ఇళ్లు కొట్టేసినప్పుడు వచ్చే టేకు తలుపులు, కిటికీలు కొని బల్లలు, స్టూళ్లు చేస్తాను. అప్పుడప్పుడు ఎండీఎఫ్ (చెక్కనారను జిగురుతో నొక్కి చేసే పలక) కూడా కోస్తాను. దుమ్ము వంటింట్లోకి, దేవుడి గదిలోకి వస్తోందని అమ్మ రోజూ గొడవ. 35 వేల దాకా పెట్టగలను. గుడ్డసంచి ఉండే 2 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్ తీసుకోనా, లేక సన్నపొడిని కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్‌కు ముందు, గాలిని సుడి తిప్పి పొట్టును కిందికి రాల్చే సైక్లోన్ బకెట్ పెట్టుకోనా? ఏది చెప్పినా ఎందుకో కూడా చెప్పండి.

ఆటోనగర్ ఆచారి
దుమ్ముకు 35 వేలా స్వామీ? దానికి మంచి చెక్క వస్తుంది. మా షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంపం తిరుగుతుంది. ముందు షట్టర్ తెరిచి, వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మూతికి తువ్వాలు కట్టుకుంటాం. పొట్టు మూటలు కట్టి కోళ్లఫారాలకు ఇస్తాం. వారానికి రెండు రోజుల పనికి ఇంత హంగామా ఎందుకు?

శ్రీసిటీ మెయింటెనెన్స్
ఆచారన్నా, మీరు మూటల్లో కట్టే పొట్టుతో ఎవరికీ పేచీ లేదు, అది నేల మీదే పడుతుంది. భయమంతా కంటికి కనపడని పొడితోనే. 10 మైక్రాన్లకన్నా చిన్న పొడి గంటల తరబడి గాల్లోనే తేలుతుంది. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంత సన్న పొడిని తువ్వాలు ఏం ఆపుతుంది? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది, ముఖ్యంగా ముక్కు లోపలి క్యాన్సర్ విషయంలో. అది ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల్లో ఆ పొడి పీల్చినవాళ్ల సంగతి. శని ఆదివారాలవాళ్లు పని మానేయక్కర్లేదు, కానీ వదిలేసే విషయం కూడా కాదు.

ఇక అసలు ప్రశ్న. ఈ రెండూ ఒకే పని చేసే మిషన్లు కావు. వాక్యూమ్ గట్టిగా లాగుతుంది కానీ కొంచెం గాలినే లాగుతుంది, నిమిషానికి 100 నుంచి 150 ఘనపు అడుగులు, అంటే 100–150 సీఎఫ్‌ఎం. కలెక్టర్ చాలా గాలిని లాగుతుంది కానీ పట్టు తక్కువ. సాండర్‌కు, రూటర్‌కు ఉండే సన్న గొట్టంలో కలెక్టర్ గాలి ముందుకే పోదు. అదే ప్లానర్‌కు 400 సీఎఫ్‌ఎం పైన, టేబుల్ సాకు 350 దాకా కావాలి. అక్కడ వాక్యూమ్ చేతులెత్తేస్తుంది. మీ దగ్గర పెద్ద మిషన్లు రెండున్నాయి కాబట్టి నా ఓటు కలెక్టర్‌కే.

చిత్తూరు మిద్దె
లెక్క సరే గానీ అన్నా, పది బై పన్నెండులో 2 హెచ్‌పీ కలెక్టర్ నిలబెడితే మనిషి నిలబడేదెక్కడ? నేను మిద్దె మీద గదిలో వాక్యూమ్, సైక్లోన్‌తోనే నెట్టుకొస్తున్నాను. ఒక్కడినే కాబట్టి ఒకసారికి ఒక మిషనే తిరుగుతుంది, గొట్టం మార్చుకుంటే సరిపోతుంది. పొట్టంతా సైక్లోన్ కింద బకెట్లో పడుతుంది కాబట్టి హెపా ఫిల్టర్ తొందరగా మూసుకుపోదు. ప్లానర్ మాత్రం ఆరుబయట పెట్టి పడతాను. దాని పొట్టు లావుది, చీపురుతో పోతుంది.

ఒక్క జాగ్రత్త. సైక్లోన్ కింద మామూలు ప్లాస్టిక్ పెయింటు బకెట్ పెట్టకండి. గొట్టంలో ఏదైనా అడ్డుపడిందంటే వాక్యూమ్ లాగుడుకు బకెట్ లోపలికి నలిగిపోతుంది. మందపాటిది, గుండ్రటిది చూసుకోండి.

మాధవమాల దారి
ఏర్పేడు వైపు మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్లను చూస్తే నాకు అర్థమైంది ఒకటే. ఉలి, సుత్తి పడే దగ్గర పేళ్లు లేస్తాయి, పొడి లేవదు. పొడి లేచేది ఉప్పుకాగితం పట్టేటప్పుడు. ముందు సాండర్ సంగతి చూడండి.

చంద్రగిరి పాతసామాను
అందరూ సీఎఫ్‌ఎం లెక్కలేస్తున్నారు, ఆయన కోసేది పాత తలుపులని ఎవరికీ పట్టలేదు. పాత చెక్కలో విరిగిన మేకులు, స్క్రూ ముక్కలు ఉంటాయి. మామూలు కలెక్టర్‌లో దుమ్ము ముందు ఫ్యాన్ రెక్కల్లోంచి పోయి ఆ తర్వాతే సంచిలో పడుతుంది. ఇనుప ముక్క ఇనుప రెక్కకు తగిలి నిప్పురవ్వ లేచి పొట్టు సంచిలో పడితే లోలోపలే రాజుకుంటుంది. మీరు షెడ్డుకు తాళం వేసి పోయాక పొగ వస్తుంది. కలెక్టర్ కొన్నా సరే, ఫ్యాన్‌కు ముందే సైక్లోన్ డ్రమ్ము ఉండాలి. రాత్రికి సంచి షెడ్డులో వదలకండి.

ఇంకొకటి, పెయింటు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో ఎవరు చూశారు? పాత ఎనామిల్ తలుపును పొడిగా సాండర్‌తో గీకొద్దు. తడిపి, చేత్తో గీకి, ఆ చెత్తను విడిగా సంచిలో కట్టి పారేయండి. ఇంట్లో పిల్లలుంటే మరీ ముఖ్యం.

శ్రీసిటీ మెయింటెనెన్స్
మేకుల మాట నూటికి నూరుపాళ్లు నిజం. సంచి గురించి నేనూ ఒకటి చెప్పాలి. చవక కలెక్టర్లకు ఇచ్చే గుడ్డసంచి 30 మైక్రాన్లదైతే, అది ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నపొడిని ఆపకుండా గదంతా చల్లుతుంది. ఒక మైక్రాన్ ఫిల్టర్ అయినా ఉండాలి, లేదా సైక్లోన్ దాటిన గాలిని గోడకు రంధ్రం పెట్టి బయటికి పంపేయాలి. నేనైతే బయటికే పంపుతాను. మీ షెడ్డులో ఉన్న గాలి 1200 ఘనపు అడుగులు. 600 సీఎఫ్‌ఎం బయటికి పోతే రెండు నిమిషాలకొకసారి గాలి మొత్తం మారుతుంది. తలుపు తెరిచి ఉంచాలి, అంతే. ఏసీ గది అయితే నష్టం, రేకుల షెడ్డుకు ఏం పోతుంది?

డబ్బా మీద 1200 సీఎఫ్‌ఎం అని రాసుంటే నమ్మొద్దు. నాలుగంగుళాల గొట్టం తగిలిస్తే అందులో సగం రావడం కూడా కష్టం. ముడతల ఫ్లెక్సిబుల్ గొట్టం మీటరు దాటనివ్వకండి, మిగతాదంతా నున్నటి పీవీసీ పైపు వేయండి.

ఆటోనగర్ ఆచారి
బయటికి పంపుతారా? పక్కింటివాళ్ల మిద్దె మీద వడియాలు ఎండబెట్టి ఉంటే? దుమ్ము మీ అమ్మ దగ్గర్నుంచి వాళ్లమ్మ దగ్గరికి పోయినట్టు అవుతుంది, అంతే కదా! మా ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేసేదీ అదే.

శ్రీసిటీ మెయింటెనెన్స్
మీ ఫ్యాన్‌కు ముందు సైక్లోన్ లేదు కదన్నా. అయినా పక్కింటి గోడ ఎంత దూరమో కొర్లగుంట టేకు చెప్పాలి.

చిత్తూరు మిద్దె
కరెంటు సంగతి ఎవరూ ఎత్తరేం? 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 230 వోల్టుల మీద తొమ్మిది, పది ఆంపియర్లు లాగుతుంది, ఆన్ చేసిన క్షణంలో దానికి ఐదారు రెట్లు. టేబుల్ సా కూడా ఆ మాత్రం తింటుంది. రెండూ ఒకే 16 ఆంపియర్ల లైను మీద వేస్తే కోత మధ్యలో ఎంసీబీ పడిపోతుంది. బ్లేడు చెక్కలో ఇరుక్కుని ఆగడం కన్నా టెన్షన్ ఇంకోటి లేదు.

కొర్లగుంట టేకు
పక్కింటి గోడ మూడడుగులే, పైగా వాళ్ల వంటింటి కిటికీ అటే. బయటికి పంపే మాట కుదరదు. ఒక మైక్రాన్ ఫిల్టర్, సైక్లోన్ డ్రమ్ము, పైపులు, విడి లైను అన్నీ కలిపితే నా 35 వేలు దాటిపోతున్నాయి. అందుకే ఇప్పటికి హెపా వాక్యూమ్, సైక్లోన్ తీసుకుంటున్నాను. ప్లానర్‌కు చక్రాలు బిగించి వాకిట్లోకి తోసుకుంటాను. తలుపుల రంగు తడిపే గీకుతాను.

శ్రీసిటీ మెయింటెనెన్స్
నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. టేబుల్ సా కింద నుంచి వాక్యూమ్ లాగినా, బ్లేడు పైనుంచి లేచే పొడి మీ మొహానికే వస్తుంది. ఎండీఎఫ్ కోసేటప్పుడైతే మరీ ఎక్కువ. అది కోస్తే సన్నపొడైపోయే చెక్క, అందులో జిగురు కూడా ఉంటుంది. కనీసం ఎన్95 మాస్కు గడ్డానికి సరిగ్గా అంటేలా పెట్టుకోండి. కోత ఆపిన వెంటనే తీయకండి, పొడి ఇంకా గాల్లోనే ఉంటుంది. ఎండీఎఫ్ అయితే దాన్ని కూడా వాకిట్లోనే కోయండి.

కొర్లగుంట టేకు
సరే అన్నా. విడి లైను మాత్రం ఇప్పుడే లాగిస్తున్నాను, కలెక్టర్ తర్వాత కొన్నా పనికొస్తుంది. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. వైరు 4 స్క్వేర్ ఎంఎం వేయించాలా, 2.5 సరిపోతుందా? మీటరు నుంచి షెడ్డుకు 20 మీటర్ల దాకా ఉంటుంది.